ఫెర్న్ ఆకు వెనక్కి తిప్పి చూడండి

బాటనీ చదువుతున్న అమ్మాయిలకూ అబ్బాయిలకూ,

మీలో చాలామంది ఈ సబ్జెక్టును కోరి తీసుకోలేదని నాకు తెలుసు. నీట్‌లో ర్యాంకు రాలేదు, అగ్రికల్చర్ బీఎస్సీలో సీటు దొరకలేదు, ఇంటికి దగ్గర్లోని కాలేజీలో బీజడ్‌సీ ఉంది, చేరిపోయారు. ఎలా చేరారన్నది నాకు పట్టింపు లేదు. డిగ్రీ కాలేజీలో బాటనీ చెప్పి రిటైరైనవాణ్ణి. చేరిన తరవాత ఆ సబ్జెక్టు మీద ప్రేమ పెంచుకున్న పిల్లల్ని ఎందరినో చూశాను. మీ సిలబస్‌లో టెరిడోఫైటా అని ఒక యూనిట్ ఉంటుంది. ఫెర్న్ జీవితచక్రం బొమ్మ గీసి, భాగాలు గుర్తించి, మార్కులు వేయించుకుని అక్కడితో వదిలేస్తారు. అలా వదిలేసిన మొక్క గురించే ఈ ఉత్తరం.

దానికి పూలు లేవు, కాయలు లేవు. మన వైపు పెళ్ళి స్టేజీ అలంకరణలో, బొకేల్లో పూల వెనకాల పచ్చదనం కోసం వాడతారు తప్ప ఎవరూ పేరు పెట్టి పిలవరు. కానీ నేల మీది మొక్కలు నిటారుగా నిలబడటం ఎలా నేర్చుకున్నాయి, కణం చుట్టూ ఉండే కవచాన్ని కోట్ల ఏళ్ళలో ఎలా మార్చుకుంటూ వచ్చాయి అని అడిగేవాళ్ళకు ఇంతకన్నా మంచి మొక్క దొరకదని నా నమ్మకం.

ముందు కణకవచం సంగతి. 1665లో రాబర్ట్ హుక్ బెండు ముక్కను సూక్ష్మదర్శినిలో చూసినప్పుడు ఆయనకు కనిపించినవన్నీ ఖాళీ గోడలే. లోపలి జీవం ఎప్పుడో పోయింది. మన కణశాస్త్రం ఆ గోడలతోనే మొదలైంది. మీరు వేసుకున్న నూలు చొక్కా కూడా కణకవచమే. పత్తిలో ఒక్కో పోగు ఒక్కో కణం, పండిన పోగులో నూటికి తొంభై పాళ్ళకు పైగా సెల్యులోజే ఉంటుంది. మీరు పరీక్ష రాసే కాగితం, మీ ఇంటి తలుపు, గేదె నమిలే గడ్డి, అన్నిట్లోనూ ఉన్నది అదే. భూమ్మీది జీవులన్నిటి ఒంట్లో కలిపి సుమారు 550 గిగాటన్నుల కార్బన్ ఉందని 2018లో ఒక లెక్క వేశారు. అందులో 450 మొక్కలదే, దాంట్లోనూ ఎక్కువ భాగం కణకవచాల్లోనే ఉంది. సింగరేణి బొగ్గు కూడా పెర్మియన్ కాలంలో గోదావరి లోయలో పెరిగిన గ్లాసోప్టెరిస్ అడవుల శేషమే. ఆ చెట్ల కొయ్యలోని కణకవచాలే కోట్ల ఏళ్ళ తరవాత మన కరెంటయ్యాయి. (గ్లాసోప్టెరిస్ ఫెర్న్ కాదు, విత్తన మొక్క. వైవాలో చాలామంది అక్కడే తడబడతారు.)

ఈ కవచం ఎలా ఉంటుందో చెప్పాలంటే స్లాబు పోయడం గుర్తు తెచ్చుకోండి. ఇనుప ఊచల స్థానంలో సెల్యులోజ్ పోగులు ఉంటాయి. వాటి మధ్య నిండే పదార్థం హెమీసెల్యులోజ్‌లు, పెక్టిన్‌లు. నీళ్ళు మోసే దారువు కణాల్లోనూ గట్టి నార కణాల్లోనూ వీటికి తోడు లిగ్నిన్ చేరి బిగుసుకుంటుంది. అయితే స్లాబు ఒకసారి పోస్తే అంతే. కణకవచం కణంతో పాటు సాగుతుంది, ఒక పక్క మెత్తబడి ఇంకో పక్క గట్టిపడుతుంది. మొక్క ఏ ఆకారంలో పెరగాలన్నది చాలావరకు అక్కడే తేలుతుంది.

దీని గురించి మనకు తెలిసినదంతా కొద్ది మొక్కల నుంచే వచ్చింది. వరి, మొక్కజొన్న, అరబిడాప్సిస్, పోప్లార్ చెట్టు, ఇంకా కొన్ని. 1993లో కార్పిటా, గిబో అనే ఇద్దరు పూల మొక్కల ప్రాథమిక కవచాలను రెండు రకాలుగా విడదీశారు. గ్జైలోగ్లూకాన్, పెక్టిన్ ఎక్కువగా ఉండేది మొదటి రకం, గడ్డిజాతి మొక్కల్లో కనిపించేది రెండో రకం. ఆ వర్గీకరణ చాలా ఉపయోగపడింది, ఇప్పటికీ ఉపయోగపడుతోంది. కానీ నేల మీద మొక్కలు పుట్టి దాదాపు 47 కోట్ల ఏళ్ళయితే, పూల మొక్కల శిలాజాలు మనకు 13, 14 కోట్ల ఏళ్ళ కిందటి నుంచే దొరుకుతున్నాయి. కథలో ఆఖరి భాగం చదివి మొదలు ఊహిస్తే ఎలా?

2001లో క్యాథలీన్ ప్రయర్, ఆమె సహచరులు జన్యువుల ఆధారంగా ఒక సంగతి తేల్చారు. ఫెర్న్‌లూ ఈక్విసిటమ్‌లూ ఒకే శాఖకు చెందినవి, విత్తన మొక్కలకు ఇవాళ బతికి ఉన్న అతి దగ్గరి చుట్టాలు అవే. ఆ రెండు శాఖలూ విడిపోయి దాదాపు 40 కోట్ల ఏళ్ళయింది. కాబట్టి కణకవచంలో ఏదైనా లక్షణం ఫెర్న్‌లోనూ ఉండి, మామిడి చెట్టులోనూ ఉండి, రెండిట్లోనూ ఒకే జన్యువుల వల్ల వస్తోందనుకోండి, అది విడిపోక ముందే ఉన్నదని చెప్పవచ్చు. మామిడిలో ఉండి ఫెర్న్‌లో లేకపోతే, ఆ తరవాత వచ్చిందనో, ఫెర్న్ పోగొట్టుకుందనో వెతకాలి. ఫెర్న్‌ను పక్కన పెడితే ఈ లెక్క మొదలే కాదు.

ఫెర్న్‌కు ఇంకొక గొప్ప సౌకర్యం ఉంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే.

నాచులో సంయోగబీజదం పెద్దది, సిద్ధబీజదం దాని మీద ఆధారపడి బతుకుతుంది. పూల మొక్కలో దానికి తలకిందులు. సంయోగబీజదం పుప్పొడి రేణువులోనూ అండంలోనూ కొద్ది కణాలుగా దాక్కుంటుంది, చూడాలంటే కోసి వెతకాలి. ఫెర్న్‌లో రెండూ విడివిడిగా, ఎవరి బతుకు వాళ్ళు బతుకుతాయి. సిద్ధబీజం మొలిస్తే ప్రోథాలస్ అవుతుంది. గోరంత కూడా ఉండదు, హృదయాకారంలో ఉంటుంది, చాలాభాగం ఒకే కణం మందం. వేరు లేదు, కాండం లేదు, దారువు లేదు. దాని మీదే ఫలదీకరణ జరిగి, వేరూ కాండమూ దారువూ ఉన్న ఫెర్న్ మొక్క లేస్తుంది. రెండు శరీరాలకూ జన్యువులు అవే. ఒకటి లిగ్నిన్ జోలికి పోదు, రెండోది లిగ్నిన్ లేకుండా నిలబడలేదు. ఒకే గ్రంథం చదివి రెండు ఇళ్ళు రెండు తీరుల కట్టిన మేస్త్రీ ఎక్కడ ఏ పేజీ తెరిచాడో తెలుసుకోవాలంటే, ఆ రెండు ఇళ్ళూ కళ్ళ ముందు విడిగా ఉండాలి కదా!

ఇది మీరు చూడవచ్చు. పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. మన ఊళ్ళలో పాత సున్నపు గోడల పగుళ్ళలో, నూతి ఒరల్లో, కల్వర్టుల కింద టెరిస్ విట్టాటా అనే ఫెర్న్ పెరుగుతుంది. పొడుగాటి రెల్లలు, అంచుల వెంబడి లోపలికి మడిచిన గోధుమరంగు గీత ఉంటుంది. (నేలలోని ఆర్సెనిక్‌ను ఆకుల్లోకి లాగి పోగుచేసుకునే ఫెర్న్ ఇదేనని 2001లో బయటపడి ప్రపంచమంతా దీని వైపు తిరిగింది.) ఆ గీత ముదురు గోధుమరంగుకు తిరిగాక ఒక రెల్ల కోసి, తెల్లకాగితం పొట్లంలో పెట్టి వదిలేయండి. ఒకట్రెండు రోజుల్లో కాగితం మీద సన్నని దుమ్ము రాలుతుంది. అదే సిద్ధబీజం. ఇటుక ముక్కను నీళ్ళలో బాగా ఉడికించి, చల్లారాక మూత ఉన్న పారదర్శకమైన డబ్బాలో కొద్దిపాటి నీళ్ళలో నిలబెట్టి, ఆ దుమ్మును పైన పల్చగా చల్లండి. ఎండ తగలని వెలుతురులో ఉంచండి. కొన్ని వారాల్లో ఇటుక పచ్చబడుతుంది, తరవాత ప్రోథాలస్‌లు విప్పుకుంటాయి.

ఇప్పుడు ఒక ప్రోథాలస్‌ను తీసి స్లైడు మీద పెట్టండి. అదే ఫెర్న్ ఆకు కాడను క్యారెట్ ముక్కలో ఇరికించి బ్లేడుతో సన్నగా కోసి, ఆ కోతను ఇంకో స్లైడు మీద పెట్టండి. రెండిటికీ ఫ్లోరోగ్లూసినాల్ వేసి, ఆపైన గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక్క చుక్క వేయండి. మీ మాస్టారు పక్కన ఉన్నప్పుడే చేయండి, ఆమ్లం ఆవిరి సూక్ష్మదర్శిని కటకానికీ మంచిది కాదు, మీ కళ్ళకూ మంచిది కాదు. కాడ కోతలో దారువు కణాల గోడలు ఎర్రగా తేలతాయి. అది లిగ్నిన్. ప్రోథాలస్ మాత్రం ఎర్రబడదు. నిలువు కోత తీస్తే ఆ ఎర్రటి గోడల మీద సోపానాకారంలో మందమైన పట్టీలు కనిపిస్తాయి. నీటిని పైకి లాగేటప్పుడు ఆ గొట్టాలు లోపలికి నలిగిపోకుండా పట్టి ఉంచేవి ఆ పట్టీలే.

ఇక్కడ మీకొక ప్రశ్న రావాలి. ప్రోథాలస్‌లో క్రోమోసోమ్‌లు ఒక్క వరుసే ఉంటాయి, అంటే ఏకస్థితికం. ఫెర్న్ మొక్క ద్వయస్థితికం. మరి ఆ తేడా వల్లనేనా ఒకటి లిగ్నిన్ చేసి ఇంకొకటి చేయనిది? 1960లో విట్టియర్, స్టీవ్స్ అనే శాస్త్రవేత్తలు బ్రాకెన్ ఫెర్న్ ప్రోథాలస్‌లను చక్కెర కలిపిన మాధ్యమం మీద పెంచారు. ఫలదీకరణ లేకుండానే వాటి నుంచి సిద్ధబీజద మొక్కలు లేచాయి. వాటి కణాల్లో ఉన్నది ఏకస్థితిక క్రోమోసోమ్‌లే. అంటే దారువు కవచాన్ని కట్టే విద్య ఆ ఒక్క వరుస జన్యువుల్లోనూ పూర్తిగా ఉంది. చక్కెర అందగానే మేలుకుంది. ఏ జన్యువు ముందు మేలుకుంది, అది దేన్ని లేపింది, ఏ ఎంజైము కవచం దగ్గరికి మొదట చేరింది అన్న ప్రశ్నలకు ఇవాళ్టి పరికరాలతో వరసగా జవాబులు రాబట్టవచ్చు. అరవై ఏళ్ళ కిందటి ఈ ప్రయోగం మీ పాఠ్యపుస్తకంలో ఒక వాక్యంగా ఉండి ఉంటుంది. ఆ వాక్యం దగ్గర కాసేపు ఆగండి.

సెల్యులోజ్ పోగుల సంగతిలోనూ ఫెర్న్ పని గొప్పదే. ఫెర్న్ సిద్ధబీజం నుంచి మొదట సన్నని పోగులాంటి ప్రోటోనీమా వస్తుంది. ఎర్ర వెలుతురులో అది పొడుగ్గా పెరుగుతూనే పోతుంది. నీలి వెలుతురు పడితే కొన ఉబ్బి, అడ్డంగా నిలువుగా విభజన మొదలై, పల్చని పలకగా మారుతుంది. జపాన్‌లో మసమిత్సు వాదా ఏళ్ళ తరబడి అడియాంటమ్ ఫెర్న్‌లో ఈ మార్పునే చూశారు. 1981లో ఆయన, స్టేలిన్ కలిసి ఆ కణాలను గడ్డకట్టించి పగలగొట్టి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూస్తే కణత్వచం మీద ఆరు రేకుల పువ్వులాంటి ఎంజైమ్ గుంపులు కనిపించాయి. సెల్యులోజ్ పోగు నేసేవి అవే. 1989లో మురాతా, వాదా ఇంకొంచెం ముందుకు వెళ్ళారు. ప్రోటోనీమా కొన దగ్గర సూక్ష్మనాళికలు కడియంలా చుట్టుకుని ఉంటాయి, సెల్యులోజ్ పోగులూ అక్కడ అదే దిశలో పడతాయి. నీలి వెలుతురు తగిలితే ఆ అమరిక చెదిరి కొన ఉబ్బుతుంది. వెలుతురు రంగు మారితే గోడ అల్లిక మారి, గోడ అల్లిక మారితే మొక్క ఆకారం మారుతుందని ఒకే ఒక్క కణంలో కళ్ళారా చూపించారు. మామిడి పిందెలో ఇది చూడాలంటే ఎన్ని పొరలు కోయాలి!

ఇక నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణమైన సంగతికి వస్తాను.

ఓట్స్ తింటే కొలెస్టరాల్ తగ్గుతుందని ప్రకటనల్లో చూస్తుంటారు. ఆ పని చేసే పీచు బీటా గ్లూకాన్. శాస్త్రంలో దీన్ని మిశ్రమ బంధాల గ్లూకాన్ అంటారు. గ్లూకోజ్ అణువుల్ని రెండు రకాల బంధాలతో కలిపి కట్టిన గొలుసు. వరి, బార్లీ, ఓట్స్ వంటి గడ్డిజాతి మొక్కల కవచాల్లోనూ వాటి దగ్గరి బంధువుల్లోనూ ఇది ఉంటుంది. మొక్కల్లో ఇది గడ్డి శాఖకే ప్రత్యేకమని చాలాకాలం పాఠాల్లో చెప్పుకున్నారు. 2008లో రెండు పరిశోధన వ్యాసాలు వచ్చాయి. ఒకటి ఎడిన్‌బరోలో స్టీఫెన్ ఫ్రై బృందానిది, ఇంకొకటి కోపెన్‌హేగెన్ వాళ్ళది. రెండూ విడివిడిగా చెప్పింది ఒకటే: ఈక్విసిటమ్ కవచంలో మిశ్రమ బంధాల గ్లూకాన్ పుష్కలంగా ఉంది.

ఈక్విసిటమ్ మీరు హెర్బేరియంలో చూసే ఉంటారు. కణుపులు కణుపులుగా, ఆకులు పేరుకు మాత్రమే ఉండే మొక్క. హిమాలయాల దిగువన నీటి ఒడ్డున పెరుగుతుంది. గోడల నిండా సిలికా ఉండటం వల్ల యూరప్‌లో దాంతో గిన్నెలు తోమేవారు. వరికీ దానికీ మధ్య 40 కోట్ల ఏళ్ళ దూరం ఉంది. వరిలో ఈ గ్లూకాన్‌ను తయారుచేసే సీఎస్‌ఎల్‌ఎఫ్ జన్యుకుటుంబం గడ్డి శాఖ సొంతం. కాబట్టి ఈక్విసిటమ్ దీన్ని తన దారిన తాను కనిపెట్టుకుంది. రెండు మొక్కలకూ సిలికా అంటే మక్కువే. ఆ రెండిటికీ సంబంధం ఏమిటన్నది ఇంకా పనిచేయవలసిన చోటు.

అక్కడితో ఆగలేదు. 2015లో ఫ్రై బృందం ఈక్విసిటమ్ ఫ్లూవియాటైల్ నుంచి ఒక ఎంజైమును వేరు చేసింది. సెల్యులోజ్ గొలుసును తెంచి, తెగిన కొనను గ్జైలోగ్లూకాన్‌కు అతికించగలదు అది. సెల్యులోజ్‌ను పట్టుకుని ఇలా అంటుకట్టే ఎంజైము అంతకుముందు ఏ మొక్కలోనూ తెలియదు. గట్టి పోగును మెత్తని పదార్థానికి రసాయన బంధంతో కలిపే ఈ పని రేపు కాగితానికో, బట్టకో పనికొస్తుందని ఆశిస్తున్నారు.

దీన్నంతా ఎందుకు ఇంత వివరంగా చెప్పానంటే, గడ్డికే ప్రత్యేకమన్న ఆ మాట ప్రయోగంలో తేలిన నియమం కాదు. చూసిన మొక్కలు తక్కువ. చూడనిదాన్ని లేదనుకున్నారు. లిగ్నిన్‌లోనూ ఇలాగే జరిగింది. సిరింగైల్ రకం లిగ్నిన్ పూల మొక్కల సొత్తు అనుకుంటే, సెలాజినెల్లా దాన్ని వేరే ఎంజైముతో స్వతంత్రంగా తయారుచేసుకుందని 2008లోనే తేలింది. మీరు చదివే పుస్తకంలో ‘ఫలానా మొక్కల్లో మాత్రమే’ అని కనిపిస్తే, మిగతా ఎన్ని మొక్కల్ని చూసి ఆ మాట అన్నారో అడగండి. మాస్టారు చికాకు పడితే పడనివ్వండి, వినయంగానే అడగండి.

కార్పిటా, గిబో చెప్పిన రెండు రకాలూ కాక ఫెర్న్ కవచం మూడో రకమని 2011లో బ్రెజిల్ పరిశోధకులు ప్రతిపాదించారు. అందులో మానాన్‌లు ఎక్కువ, పెక్టిన్ తక్కువ. వాళ్ళు పరీక్షించింది ఏ అడవి మొక్కనో అనుకునేరు. అడియాంటమ్ రాడియానమ్. నల్లటి సన్నని కాడలతో, చిన్న చిన్న ఆకులతో కడియం నర్సరీల్లో కుండీల్లో పెట్టి అమ్మే మెయిడెన్‌హెయిర్ ఫెర్న్ అదే. మీ ఇంటి వరండాలో ఉండి ఉంటుంది.

కొబ్బరి రైతుల పిల్లలకు ఒక మాట. చెట్టుకు బోరాన్ తక్కువైతే ఆకులు ముడుచుకుపోతాయని మీ నాన్నగారు బోరాక్స్ వేస్తారు కదా. ఆ బోరాన్ మొక్కలో చేసే పనుల్లో బాగా రుజువైనది కణకవచంలోనే ఉంది. ఆర్‌జీ-2 అనే చాలా చిక్కైన పెక్టిన్ అణువులు రెండిటిని బోరాన్ కలిపి కడుతుంది. ఇది 1996లో తేలింది. 2004లో జపాన్, అమెరికా శాస్త్రవేత్తలు నాచుల నుంచి పూల మొక్కల దాకా వరసగా చూస్తే, ఫెర్న్‌లలో ఈ పెక్టిన్ పూల మొక్కల్లో ఉన్నంత ఉంది. నాచుల్లో దానిలో నూరో వంతు మాత్రమే ఉంది. నీళ్ళు మోసే గొట్టాలతో పైకి లేచి నిలబడిన మొక్కల్లోనే ఇది పెరిగిందన్నమాట. తోటలో వేసే పిడికెడు బోరాక్స్‌కూ 40 కోట్ల ఏళ్ళ కిందటి ఆ మార్పుకూ సంబంధం ఉంది.

ఇక ఈ ఉత్తరం పేరుకు కారణమైన సంగతి. ఫెర్న్ ఆకు వెనక్కి తిప్పితే గోధుమరంగు చుక్కలు కనిపిస్తాయి, అవి సోరైలు. నెఫ్రోలెపిస్ దొరికితే అది తీసుకోండి, స్టేజీ అలంకరణవాళ్ళు వాడే కత్తి ఆకుల ఫెర్న్ అదే. పండిన సోరస్ ఒకదాన్ని సూదితో గీకి, నీళ్ళు వేయకుండా స్లైడు మీద పెట్టి, తక్కువ వృద్ధీకరణలో చూడండి. పైన టేబుల్ లైటు వెచ్చదనం తగలనివ్వండి. కాడ మీద నిలబడ్డ చిన్న సంచులు కనిపిస్తాయి. ఒక్కో సంచి వీపు మీదుగా పన్నెండు, పదమూడు కణాల వరస ఉంటుంది. అది ఆన్యులస్. ఆ కణాలకు లోపలి గోడ, పక్క గోడలు మందం. బయటి గోడ పల్చన. లోపలి నీరు ఆ పల్చని గోడ గుండా ఆవిరైపోతుంటే నీరు గోడల్ని వదలదు, తనతో లోపలికి లాగుతుంది. పక్క గోడలు ఒకదాని దగ్గరికి ఒకటి జరుగుతాయి. వరసంతా నిదానంగా వెనక్కి వంగుతుంది, సంచి నోరు తెరుచుకుంటుంది. మీరు చూస్తూ ఉండగానే పూర్తిగా వెనక్కి విరుచుకుని నిలుస్తుంది. ఒక్క క్షణం. అంతే, ఫట్‌మని మళ్ళీ ముందుకు విసురుకుంటుంది, సిద్ధబీజాలు మీ కంటికి అందకుండా ఎగిరిపోతాయి.

2012లో ఫ్రాన్స్‌లోని నీస్ నగరంలో గ్జావియర్ నోబ్లిన్ బృందం దీన్ని అతివేగ కెమెరాతో తీసింది. లోపలి నీటి మీద లాగుడు దాదాపు తొంభై వాతావరణ పీడనాలకు చేరినప్పుడు ఆ కణాల్లో బుడగలు పుడతాయి, లాగుడు ఒక్కసారిగా తెగుతుంది. సిద్ధబీజాలు సెకనుకు సుమారు పది మీటర్ల వేగంతో బయటపడతాయి. కానీ నన్ను ఆశ్చర్యపరిచింది వేగం కన్నా దాని ఆపుదల. మనుషులు చేసిన విసురు యంత్రానికి చేయి ఆగడానికి అడ్డుకర్ర కావాలి. ఫెర్న్‌లోనూ ఆపుదల లేకపోతే సిద్ధబీజాలు ముందుకు పోకుండా సంచిలోనే మూతపడిపోతాయి. అయినా ఇక్కడ ఏ అడ్డూ లేదు. ఆన్యులస్ మొదటి కొద్ది మైక్రోసెకన్లలో కొంత దూరం దూకి, అక్కడి నుంచి మెల్లగా మూసుకుంటుంది. ఎందుకంటే గోడలోని సన్నని సందుల గుండా నీరు కదలడానికి సమయం పడుతుంది. విసిరేదీ ఆ గోడే, ఆపేదీ ఆ గోడే. గోడ మందం ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ అయినందుకే ఇదంతా సాధ్యమైంది. ఆ తేడా కణం పెరిగేటప్పుడు ఎలా వచ్చిందన్నది మంచి పీహెచ్‌డీకి సరిపోయే ప్రశ్న.

ఇంత మంచి మొక్కను ఇంతకాలం ఎందుకు పక్కన పెట్టారంటే, జన్యువుల పుస్తకం మరీ లావు. 1954లో త్రివేండ్రంలో ఎ. అబ్రహాం, సి. ఎ. నైనన్ ఓఫియోగ్లాసమ్ రెటిక్యులాటమ్ అనే ఫెర్న్‌లో 1200కు పైగా క్రోమోసోమ్‌లు లెక్కపెట్టారు. మనకు ఉన్నవి 46. న్యూ కాలెడోనియాలోని మెసిప్టెరిస్ ఆబ్లాన్సియోలాటా జన్యురాశి 160 గిగాబేస్‌లని 2024లో తేలింది, మనిషిదానికి దాదాపు యాభై రెట్లు. అంత భారం మోయడానికి ఎవరు ముందుకొస్తారు? చివరికి 2018లో చిన్న జన్యురాశి ఉన్న రెండు నీటి ఫెర్న్‌లతో తలుపు తెరుచుకుంది. అందులో ఒకటి అజొల్లా, మన పాడి రైతులు తొట్లలో పెంచి గేదెలకు వేసేదాని జాతే. దాని జన్యురాశి చదవడానికి మొదటి డబ్బు మామూలు జనం దగ్గర చందాలుగా పోగైంది. 2022లో చైనా వాళ్ళు చెట్టు ఫెర్న్ అల్సోఫిలా స్పినులోసా జన్యురాశి చదివారు. కొయ్య లేకుండా చెట్టంత ఎత్తుకు పోయే మొక్క అది. దాని దారువులో అల్సోఫిలిన్ అనే కొత్త పదార్థమూ దొరికింది. అదే ఏడాది సెరటాప్టెరిస్ రిచార్డి వంతు వచ్చింది. టెనెసీలో లెస్లీ హికాక్ 1980ల నుంచి తరగతి గదికీ ప్రయోగశాలకీ పనికొచ్చేలా తయారుచేసిన ఫెర్న్ ఇది. విత్తితే రెండు వారాల్లో ప్రోథాలస్ సిద్ధం. దాని బంధువు సెరటాప్టెరిస్ థాలిక్ట్రాయిడిస్ మన చెరువుల్లో, వరి మడుల్లో పెరుగుతుంది.

‘ఇదంతా చదివితే ఉద్యోగం వస్తుందా మాస్టారూ’ అని మీరు అడగకముందే చెబుతాను. ఫెర్న్ అన్న పేరుతో ఉద్యోగం రాదు. కణకవచం తెలిసినవాళ్ళకు పని ఉంది. మన రైతులు సుబాబుల్, సరుగుడు పెంచి కాగితం మిల్లులకు అమ్ముతున్నారు; మిల్లులో జరిగే పెద్ద పని కవచం నుంచి లిగ్నిన్‌ను విడదీయడమే. పత్తి నాణ్యత, గడ్డి నుంచి ఇంధనం, ఆహారంలో పీచు, వరి పడిపోకుండా నిలబడటం, ఇవన్నీ ఇదే శాస్త్రం. సూక్ష్మదర్శిని, చక్కెరల రసాయనం, జన్యురాశి విశ్లేషణ మూడూ తెలిసిన పిల్లలు ఎక్కడా ఖాళీగా కూర్చోరు.

పని నేర్చుకునేటప్పుడు ఒక జాగ్రత్త. లీడ్స్‌లో పాల్ నాక్స్ ప్రయోగశాల తయారుచేసిన యాంటీబాడీలు కవచంలోని ఒక్కో చక్కెర గొలుసును గుర్తుపట్టి మెరుస్తాయి. బెల్జియంలోని గెంట్‌లో ఒలివియర్ లెరూ బృందం వాటితో ఎన్నో ఫెర్న్‌లను పరీక్షించి 2015లో వెల్లడించింది. జాతికీ జాతికీ, కణజాలానికీ కణజాలానికీ, చివరికి కణానికీ కణానికీ తేడా కనిపించింది. కానీ యాంటీబాడీ మెరవకపోతే ఆ పదార్థం లేదని రాసేయకూడదు. పెక్టిన్ కప్పేసినందువల్ల గ్జైలోగ్లూకాన్ కనిపించకుండా పోతుందని 2008లో లీడ్స్‌లోనే చూపించారు. ఎంజైముతో పెక్టిన్‌ను తొలగిస్తే అప్పటిదాకా చీకటిగా ఉన్న గోడ మెరిసింది.

తల్లీ, నాయనా, పెద్దవాణ్ణి గనక ఒకటి గట్టిగా చెబుతున్నాను. పాత నూతుల్ని పూడ్చేస్తున్నారు, మెట్ల బావులకు మరమ్మతు పేరుతో సిమెంటు పూస్తున్నారు, జలపాతాల దగ్గర బండల మీది పచ్చదనమంతా సందర్శకుల చెప్పుల కింద పోతోంది. సున్నపు గోడ మీద ఫెర్న్ పోతే దాని బదులు ఇంకోటి రాదు. తవ్వి తీసుకురాకండి. ఒక్క రెల్ల చాలు, సిద్ధబీజాలు చాలు. ఏ ఊళ్ళో, ఏ గోడ మీద, ఏ నెలలో దొరికిందో నోటుబుక్కులో రాసుకోండి, ఫొటో తీసుకోండి.

ప్రపంచంలో సుమారు 10,500 రకాల ఫెర్న్‌లు ఉన్నాయి. కణకవచం పరీక్షించినవి అందులో బహు కొద్ది. ఈ వానాకాలంలో మీ చుట్టుపక్కల దొరికిన ఒక్క ఫెర్న్‌తో మొదలుపెట్టండి. సిద్ధబీజాలు విత్తండి, కోతలు తీయండి, రంగులు వేసి చూడండి. ఏ కణంలో ఏం కనిపించిందో, ఏం కనిపించలేదో రెండూ రాసి నాకు పంపండి. ప్రతి ఉత్తరానికీ జవాబు రాస్తాను.

మీ
పాత బాటనీ మాస్టారు